బిడ్డ ఇల్లు చేరాక మొదలయ్యే పని

పిల్లలు లేని దంపతులు మా ఆస్పత్రికి వచ్చినప్పుడు, పరీక్షలన్నీ అయ్యాక, మందులు కూడా వాడి చూశాక, కొంచెం గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎక్కడైనా ఒక పసిబిడ్డ దొరుకుతుందా అమ్మా?" దీనికి జవాబు చెప్పడం మాకు అలవాటే. చట్టం ఉంది, కార్యాలయం ఉంది, వరుస ఉంది. అయితే ఆ తరువాత అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. దాన్ని అడిగేవారు బహు కొద్దిమంది. "బిడ్డ వచ్చాక మాకు తోడెవరు?" ఈ సంచికలో మేము రాయదలచుకున్నది ఈ రెండో ప్రశ్న గురించి.

మా అభిప్రాయం ముందే చెబుతాం. బిడ్డను ఇంటికి చేర్చే ఏర్పాటు మన జిల్లాలో ఉంది. చేరిన బిడ్డనూ, చేర్చుకున్న ఇంటినీ నిలబెట్టే ఏర్పాటు చాలినంత లేదు. దాన్ని ఎవరో ఢిల్లీ నుంచో విజయవాడ నుంచో వచ్చి కట్టిపెట్టరు. ఆస్పత్రి, బడి, సంఘం, ఊరు కలిసి కట్టుకోవాలి. అది కూడా పల్నాడులో ఏడాది ఎలా నడుస్తుందో, ఏ నెలలో ఏ పని ఉంటుందో చూసుకుని ఆ ప్రకారం కట్టుకోవాలి.

పెంపకం మనకు కొత్త కాదు

కారెంపూడి తిరునాళ్లు తెలిసిన పల్నాటివారికి కన్నమదాసు పేరు చెప్పనక్కరలేదు. మాల కులంలో పుట్టిన ఆ పిల్లవాణ్ణి బ్రహ్మనాయుడు కొడుకుగా చేపట్టాడని, పెద్దయ్యాక తన సేనలో అతనికి ముఖ్యమైన చోటు ఇచ్చాడని వీరుల కథ చెబుతుంది. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన చాపకూడు కూడా ఆ కథలోదే. కడుపున పుట్టనివాణ్ణి కొడుకనడం, ఆ మాట మీద ఊరి ముందు నిలబడడం మన నేల మీద ఎన్నో వందల ఏళ్లుగా వింటున్న సంగతి.

కథలో మాత్రమే గాక మన ఇళ్లలోనూ ఇది జరుగుతూనే ఉంది. 2000 తరువాతి సంవత్సరాల్లో ఎయిడ్స్ మన ప్రాంతాన్ని గట్టిగా దెబ్బతీసినప్పుడు, తల్లిదండ్రులు ఇద్దరూ పోయిన పిల్లలను చాలా ఇళ్లలో అమ్మమ్మలు, మేనమామలు, పెదనాన్నలు పెంచారు. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వచ్చినప్పుడూ అదే జరిగింది. వీరెవరూ తమను "పెంపుడు కుటుంబం" అని చెప్పుకోలేదు. ఏ దరఖాస్తూ పెట్టలేదు. పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకున్నారు, అంతే.

కనుక ఈ మాటను మేము మూడు రకాల ఇళ్లకు వర్తింపజేస్తున్నాం. మొదటిది దత్తత: చట్టప్రకారం ఆ బిడ్డ ఆ ఇంటి బిడ్డే, ఆస్తిలోనూ పేరులోనూ పూర్తి హక్కు ఉంటుంది. రెండోది ఫోస్టర్ కేర్, అంటే బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు మీద కొంతకాలం ఒక కుటుంబం బిడ్డను తన ఇంట్లో పెంచడం. మూడోది బంధువుల పెంపకం. మన పల్నాడులో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఈ మూడోదే. అన్నిటికన్నా తక్కువ సహాయం అందేదీ దీనికే.

చట్టం సంగతి కొద్దిగా

తోడు గురించి మాట్లాడే ముందు దారి తెలియాలి గనుక నాలుగు మాటలు.

దత్తత కోరేవారు కేంద్ర దత్తత సంస్థ అయిన కారా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో బాలల పరిరక్షణ విభాగం వారిని అడిగితే ఎలాగో చెబుతారు. తరువాత సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి పరిశీలించి నివేదిక రాస్తారు. పసిబిడ్డ కోసమైతే మూడేళ్లకు పైగా ఎదురు చూడవలసి రావచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వును కోర్టుకు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. పల్నాడు జిల్లా అదే ఏడాది ఏప్రిల్‌లో ఏర్పడింది కాబట్టి మాచర్లవారైనా గురజాలవారైనా ఇందుకోసం గుంటూరు దాకా వెళ్లనక్కరలేదు.

మా పాఠకుల్లో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ గనుక ఇంకొక మాట. 1956 నాటి దత్తత చట్టం హిందువులకు మాత్రమే వర్తిస్తుంది. అందుచేత చాలాకాలం క్రైస్తవ దంపతులు 1890 నాటి చట్టం కింద బిడ్డకు సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు, చట్టం ముందు తల్లిదండ్రులు కాలేకపోయేవారు. బాల న్యాయ చట్టం ఆ దారి తెరిచింది. ఏ మతంవారైనా ఈ చట్టం కింద దత్తత తీసుకోవచ్చునని 2014 ఫిబ్రవరిలో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "మనకు దత్తత చెల్లదు" అని ఇంకా చెప్పే పెద్దలుంటే దయచేసి ఈ సంగతి వారికి తెలపండి.

ఆస్పత్రిలోనో ఊళ్లోనో చేతి నుంచి చేతికి బిడ్డను మార్చుకోవడం మాత్రం ఎంత మంచి మనసుతో చేసినా నేరమే. 1990ల చివర్లోనూ 2001లోనూ నల్లగొండ తండాల పసికందుల విషయంలో ఏం జరిగిందో మన రాష్ట్రమంతా చూసింది. పిల్లల అమ్మకంలో ఆస్పత్రి ఉద్యోగి చెయ్యి ఉంటే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష పడుతుంది. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితికి అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువుంటుంది. ఆమె మీద నింద వేయవద్దని మా నర్సులకు మేము చెబుతూనే ఉంటాం. ఫోన్ నంబరు 1098 గుర్తుంచుకుంటే చాలు.

ఇల్లు చేరాక ఏం జరుగుతోంది?

2024-25లో మన దేశంలో దత్తత ద్వారా 4,515 మంది పిల్లలు కుటుంబాలకు చేరారు. సంతోషమే. అయితే ఇంకో లెక్క కూడా ఉంది. 2014-15 మొదలు 2018-19 దాకా ఐదేళ్లలో 1,100 మందికి పైగా పిల్లలను తీసుకున్నవారే తిరిగి అప్పగించారని కారా 2020లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చింది. వారిలో ఆడపిల్లలే ఎక్కువ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలూ ఉన్నారు. చాలామంది ఆరేళ్లు పైబడినవారు.

ఒకసారి విడిచిపెట్టబడిన బిడ్డను రెండోసారి విడిచిపెట్టడం ఎంత ఘోరమో వేరే చెప్పాలా? అయినా ఆ తల్లిదండ్రులంతా రాతి గుండెవారని మేము అనుకోం. మేము చూసినంతలో ఇలాంటి ఇళ్లలో ఒకటే వరుస కనిపిస్తుంది. మొదటి నెల పండుగ. రెండో నెలలో బిడ్డ అన్నం ముద్దలు దిండు కింద దాచడం మొదలుపెడుతుంది. పక్క తడుపుతుంది. ముట్టుకుంటే బిగుసుకుపోతుంది, లేదా దారిన పోయే ప్రతి మనిషి చెయ్యీ పట్టుకుంటుంది. తల్లి భయపడుతుంది. అత్తగారు "రక్తం ఎక్కడికి పోతుంది" అంటుంది. తండ్రి చెయ్యి చేసుకుంటాడు. ఎవరిని అడగాలో వారికి తెలియదు. ఆరు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు కార్యకర్త వచ్చి చూసి వెళ్లాలని నిబంధన ఉంది. కానీ ఆరు నెలలంటే, రాత్రి నిద్ర లేని తల్లికి చాలా దూరం.

ఇవన్నీ రోగాలు కావు, చెడ్డ రక్తమూ కాదు. ఆకలి, ఒంటరితనం తెలిసిన బిడ్డ తనను తాను కాపాడుకోవడానికి నేర్చుకున్న పనులు. అన్నం దాచే బిడ్డకు కావలసింది మందలింపు కాదు. తనకు అందేచోట ఎప్పుడూ నాలుగు వేరుశనగ ఉండలో, ఒక అరటిపండో ఉండాలి. అవి అక్కడ ఉంటాయని నమ్మకం కుదిరిన రోజున దాచడం మానుతుంది. ఈ ఒక్క మాట సమయానికి ఎవరైనా చెబితే ఎన్ని ఇళ్లలో గొడవ ఆగిపోయేది!

రుమేనియా దేశంలో 2000 ప్రాంతంలో మొదలైన ఒక పెద్ద పరిశోధన గురించి మా పిల్లల డాక్టర్లు తరచుగా చెబుతుంటారు. బుకారెస్టు నగరంలో అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని పెంపుడు కుటుంబాలకు చేర్చి, మిగిలినవారితో పోల్చి ఏళ్ల తరబడి చూశారు. ఇళ్లకు చేరిన పిల్లల తెలివితేటలు, మనుషులతో కలిసే తీరు మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే చేరినవారికి మేలు ఎక్కువ. ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఆ కుటుంబాలను వాటి మానాన వాటిని వదిలెయ్యలేదు. కార్యకర్తలు తరచుగా ఇళ్లకు వెళ్లి కూర్చుని, విని, చెప్పి వచ్చేవారు. ఇల్లు ఎంత ముఖ్యమో, ఆ ఇంటికి వచ్చిపోయే మనిషీ అంతే ముఖ్యం.

ఏ కాలం కష్టం ఆ కాలానిదే

ఏడాదికొకసారి హాలులో సభ పెట్టి, మైకులో ఉపన్యాసం ఇచ్చి, బిస్కెట్ ప్యాకెట్లు పంచితే సరిపోదని మేము ఎందుకంటున్నామంటే, ఈ ఇళ్లలో కష్టాలు కాలం ప్రకారం వస్తాయి. తోడు కూడా ఆ ప్రకారమే రావాలి.

జూన్: బడులు తెరుస్తారు. జనన ధ్రువపత్రం, ఆధార్, తండ్రి పేరు, కుల ధ్రువపత్రం అడుగుతారు. అమ్మమ్మ పెంచే బిడ్డకు వీటిలో సగం ఉండవు. క్లాసులో అందరి ముందు "మీ నాన్న ఏం చేస్తాడు?" అని టీచరు మామూలుగానే అడుగుతుంది. "చిన్నప్పటి ఫొటో తెచ్చి అతికించండి", "మీ వంశవృక్షం గీయండి" అని ఇంటిపని ఇస్తారు. ఫొటో లేని బిడ్డ ఆ రోజు కడుపునొప్పి అంటుంది. అందుచేత బడులు తెరిచే ముందు ఒక కాగితాల రోజు కావాలి. బాలల పరిరక్షణ విభాగం మనిషి, మండల విద్యాశాఖ మనిషి, మా నర్సు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే మూడు ఆఫీసుల పని ఒక పూటలో తెములుతుంది. టీచర్లకు కూడా ఒక గంట శిక్షణ ఇవ్వాలి. వంశవృక్షానికి బదులు "నన్ను ప్రేమించేవారు" అని గీయమంటే ఏ బిడ్డా తల దించుకోదు.

ఆగస్టు, సెప్టెంబరు: జ్వరాల కాలం. కొత్త ఇంట్లో బిడ్డకు మొదటిసారి గట్టిగా జబ్బు చేసేది చాలాసార్లు ఇప్పుడే. ఒకప్పుడు ఆస్పత్రిలోనే విడిచిపెట్టబడిన బిడ్డను మళ్లీ ఆస్పత్రి మంచం మీద పడుకోబెడితే ఏమనుకుంటుంది? ఈ పిల్లల మంచం పక్కన రాత్రీ పగలూ తల్లిగానీ తండ్రిగానీ ఉండాలి. ఏ ఆస్పత్రి అయినా అందుకు ఒప్పుకోవాలి. ఆగస్టు 10 నులిపురుగుల మాత్రల రోజు కూడా. కొత్తగా వచ్చిన బిడ్డకు బరువు, ఎత్తు, రక్తం, థైరాయిడ్, కళ్లు, చెవులు ఒకసారి చూపించండి. టీకాల కార్డు ఉంటే మొదటి నుంచి మళ్లీ వేయించనక్కరలేదు, తప్పిపోయిన డోసులు వేస్తే చాలు. కార్డే లేకపోతే ఏం చేయాలో డాక్టరు నిర్ణయిస్తారు.

నవంబరు: దేశమంతటా దత్తత అవగాహన మాసంగా జరుపుతారు. కార్తీక అమావాస్యకు మొదలయ్యే కారెంపూడి వీరుల ఉత్సవాలు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి. బిడ్డకు తన పుట్టుక సంగతి చెప్పడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. కన్నమదాసు కథ చెప్పి, "నువ్వు కూడా మా ఇంటికి అలాగే వచ్చావు" అని మూడు నాలుగేళ్ల వయసులోనే మొదలుపెట్టవచ్చు. దాచిపెట్టాలని చాలామంది తల్లులు మమ్మల్ని బతిమాలుతారు. ఊరందరికీ తెలిసిన సంగతి ఆ బిడ్డ ఒక్కదానికే తెలియకపోవడం ఎంత అన్యాయమో చూడండి. మీరు ప్రేమతో చెప్పకపోతే, బావి దగ్గరో బడి దగ్గరో ఎవరో కోపంతో చెబుతారు. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవడానికి అడిగే హక్కు కూడా చట్టం ఆ బిడ్డకు ఇచ్చింది.

డిసెంబరు, జనవరి: క్రిస్మస్, సంక్రాంతి. ఇల్లంతా చుట్టాలు. తాతగారు సొంత మనవళ్లకు నోటు ఇచ్చి, ఈ బిడ్డకు చిల్లర ఇస్తారు. కొత్త బట్టల దగ్గర పోలికలు. "ఎవరి పోలిక?" అనే ప్రశ్న. పైగా బాలసదనం నుంచి వచ్చిన పిల్లలకు అక్కడి స్నేహితులు పండుగ రోజునే ఎక్కువ గుర్తొస్తారు. ఆ దిగులును కృతఘ్నత అనుకోవద్దు. ఒక ఫోన్ చేయించండి, వీలైతే తీసుకెళ్లి చూపించండి. పండుగకు ముందు తాతలకు, నాయనమ్మలకు, మేనత్తలకు ఒక పూట శిక్షణ పెట్టాలని మా సలహా. తల్లిదండ్రులు సిద్ధపడే ఈ ఇంటికి వచ్చి ఉంటారు. వారి చుట్టాలకే ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరి మొదలు ఏప్రిల్: మిరప కోతలు. తల్లి తెల్లవారకముందే క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కుతుంది, తండ్రి కల్లం దగ్గర కాపలా. మామూలు బిడ్డ లేచి అమ్మ లేదని కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది. ఒకసారి వదిలివేయబడిన బిడ్డకు అది మళ్లీ అదే ఉదయం. నిద్రలో ఉండగా చెప్పకుండా వెళ్లకండి. ముందురోజు రాత్రే ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పుడు వస్తారో చెప్పండి. మీ పాత చీర ఒకటి పక్కన ఉంచండి. చెప్పిన వేళకు రండి, ఆలస్యమైతే పక్కింటి ఫోనుకు కబురు చేయండి. ఇదే కాలంలో కర్నూలు వైపు నుంచి కూలి కుటుంబాలు మన చేలకు వస్తాయి, వారిలో కొందరు పిల్లలను ముసలివారి దగ్గర విడిచి వస్తారు. ఆ పిల్లల సంగతి కూడా ఇదే. కోతల కాలంలో సంఘం ఆవరణలోనో బడిలోనో సాయంత్రం దాకా పిల్లలను చూసుకునే ఒక చోటు ఉంటే ఎంతో మేలు. కోటప్పకొండ తిరునాళ్ల జనంలోకి మొదటి ఏడాది బిడ్డను తీసుకెళ్లేవారు చెయ్యి వదలకండి. తప్పిపోయిన అనుభవం ఈ పిల్లలకు రెండింతలు.

ఏప్రిల్, మే: ఎండలు. రెంటచింతల పేరు వార్తల్లో వినబడని వేసవి అరుదు. పొద్దున పది దాటితే బయటికి వెళ్లలేరు. సెలవుల్లో పదేళ్ల పిల్లవాడు, అతన్ని కొత్తగా తెచ్చుకున్న తల్లి రోజంతా ఒకే గదిలో. బడి రోజుల్లో కనిపించని చిరాకులన్నీ ఇప్పుడు బయటపడతాయి. పొద్దున ఏడు నుంచి పది దాకా ఆటలు, బొమ్మలు, కథలతో ఒక వేసవి శిబిరం పెడితే పిల్లలకు ఆటవిడుపు, తల్లులకు ఊపిరి. ఆ తల్లులు వరండాలో కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే అసలు శిక్షణ అని మేము అనుకుంటున్నాం.

"మా అమ్మమ్మకు ఎవరు నేర్పారు?"

ఇలా అడిగేవారున్నారు. పెంచిన ప్రేమ గొప్పదని సామెతలు చెప్పే మన సమాజం, ఆ పెంచే తల్లిని మాత్రం ఒంటరిగా వదిలేసింది. ఒకసారి మా పిల్లల విభాగంలో మనవడిని తీసుకొచ్చిన ఒక పెద్దామె ఇలా అన్నది: "సిస్టరమ్మా, నా కూతుర్ని పెంచేటప్పుడు నాకు పాతికేళ్లు. ఇప్పుడు అరవై దాటాయి. ప్రేమ అదే ఉంది గానీ మోకాళ్లు అవి కావు." ఆమెకు ప్రేమ గురించి మేము నేర్పవలసింది ఏమీ లేదు. ఆమెకు కావలసింది మోకాళ్ల నొప్పికి మందు, పిల్లవాడి బడి కాగితం, నెలకు కొంత డబ్బు, వారానికి ఒక పూట విశ్రాంతి. శిక్షణ అంటే వీటిని ఎక్కడ అడగాలో తెలియజెప్పడం కూడా.

డబ్బు సంగతి చెప్పుకోవాలంటే, మిషన్ వాత్సల్య కింద ఇలాంటి పిల్లలకు స్పాన్సర్‌షిప్ పేరుతో నెలకు రూ.4,000 ఇచ్చే ఏర్పాటు ఉంది. బంధువుల ఇంట్లో పెరిగే అనాథలకు, వితంతు తల్లుల పిల్లలకు, తల్లిదండ్రులు ప్రాణాపాయమైన జబ్బుతో ఉన్న పిల్లలకు ఇది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి రూ.72,000, పట్టణాల్లో రూ.96,000 మించకూడదు. ఫోస్టర్ కుటుంబాలకు కూడా ఇదే పథకం కింద సాయం ఉంది. 2024లో ఫోస్టర్ కేర్ నిబంధనలు మార్చి, ఒంటరిగా ఉన్నవారికీ అవకాశమిచ్చారు. ఐదేళ్లకు బదులు రెండేళ్లు పెంచాక దత్తత కోరవచ్చునన్నారు. ఆరేళ్లు దాటి ఎవరూ అడగని పిల్లలకు ఇది పెద్ద ద్వారం. అయితే ఆ వయసు పిల్లలే ఎక్కువగా తిరిగి వెళుతున్నారని పైన చూశాం గదా. ద్వారం వెడల్పు చేసినప్పుడు లోపల తోడు కూడా పెంచాలి.

ఇంకొక అభ్యంతరం న్యాయమైనది. "ఇలాంటి పిల్లలందరినీ ఒకచోట చేరిస్తే ముద్ర పడదా?" అని ఒక తండ్రి మమ్మల్ని అడిగాడు. పడుతుంది, మనం అజాగ్రత్తగా చేస్తే. వేదిక మీద వరుసగా నిలబెట్టి దుప్పట్లు పంచి, ఫొటో తీసి, దాతల పేర్లతో ఫ్లెక్సీ కడితే ఆ బిడ్డ జన్మలో మళ్లీ రాదు. అందుకని మా సలహా ఏమంటే: శిబిరాలు అందరు పిల్లలకూ తెరిచి ఉండాలి. ఫొటోలు ఉండకూడదు. ఎవరు దత్తత, ఎవరు కాదు అనే జాబితా గోడ మీద ఉండకూడదు. తల్లిదండ్రుల మాటలు మాత్రం వేరే గదిలో, తలుపు వేసి జరగాలి.

మేము కోరేది

సంఘ పెద్దలను కోరేది: ప్రార్థనలో ఈ కుటుంబాల పేర్లు చెప్పి గొప్ప త్యాగమని పొగడకండి. ఆ బిడ్డ చెవిన పడితే తాను ఎవరి త్యాగానికో గుర్తునని అనుకుంటుంది. పొగడ్తకు బదులు కోతల కాలంలో ఒక పూట ఆ బిడ్డను చూసుకోండి.

ప్రధానోపాధ్యాయులను కోరేది: చేర్చుకునేటప్పుడు కాగితం లేదని వెనక్కి పంపకండి. పంపే ముందు 1098కి ఒక ఫోన్ చేయండి.

అధికారులను కోరేది: ఆరు నెలల పరిశీలన నివేదికలో పెట్టెలు నింపి సరిపెట్టకుండా, కష్టం ఉన్న ఇంటిని దగ్గరి ఆస్పత్రికి, మానసిక వైద్యునికి పరిచయం చేయండి. పల్నాడులో ఈ పనికి మండలానికొక తెలిసిన మనిషి ఉంటే చాలు.

కుటుంబాలను కోరేది: కష్టం వచ్చిన మొదటి వారంలోనే రండి. అప్పగించాలని నిర్ణయించుకున్నాక వస్తే మా చేతుల్లో మిగిలేది కొంచెమే.

మా వంతుగా పిల్లల విభాగం వరండానూ, ఒక నర్సునూ, ఒక డాక్టరునూ ఏటా నాలుగు శనివారాలు ఈ పనికి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాం: బడులు తెరిచే ముందు ఒకటి, వానల్లో ఒకటి, పండుగలకు ముందు ఒకటి, కోతల నడుమ ఒకటి. అమ్మమ్మలూ రావచ్చు, కలెక్టరు ఉత్తర్వు ఉన్నవారూ రావచ్చు, ఇంకా వరుసలో ఎదురు చూస్తున్నవారూ రావచ్చు. ఏ కాగితమూ చూపించనక్కరలేదు. బిడ్డను వెంట తెచ్చుకోండి, మజ్జిగ మేమిస్తాం.